నలభయ్యో నెంబరు దారం

నర్సాపురం రేవు దిగాక రెండో సందులో నా కొట్టు.
మూడు కంప్యూటర్లు, పనిచేసేది ఒకటే.
ఉప్పుగాలికి మిగతా రెండూ
మబ్బు పట్టిందంటే ఓసారి తుమ్మి ఊరుకుంటాయి.

మధ్యాన్నం పంటుకి అవతలి గట్టు నుంచి వచ్చింది దీవెనమ్మ,
చంకలో గుడ్డసంచి, సంచిలో సగం అల్లిన లేసు గుడ్డ.
"బాబూ, కంపెనీవోళ్లు ఈ ఏటి కూలి రేట్లు
ఇందులో పెట్టారంట.
పెట్టారుగానీ, అయి అచ్చరాలా, పరిగి చేప శెనా?"

నిజమే.
తెర నిండా ఏదో ఉంది, చదవడానికే ఏమీ లేదు.
వత్తులు రాలిపోయాయి.
మ ఏదో య ఏదో, సున్నా ఏదో నలుసు ఏదో,
చీమలు మోసుకుపోతున్న నూకల్లా
వరసగా పోతున్నాయి.

ముందు నేను చేసింది అందరూ చేసేదే,
చొక్కా అంచుతో తెర తుడిచాను.
దుమ్ము పోయింది, అక్షరం పెరగలేదు.
కుర్చీ ముందుకి జరిపాను.
ఆవిడ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి,
పెట్టుకుని, మళ్లీ తీసేసింది.
"నలభయ్యేళ్లు కొక్కేనికి ఇచ్చేశాను ఈ కళ్లు,
నీ పెట్టెకి మిగల్లేదు."

కంట్రోలు మీద వేలుంచి ప్లస్ నొక్కాను.
పెరిగింది. ఇంకా నొక్కాను.
పేజీ మొత్తం పోటుకి కాలవలా ఉబ్బి
రేట్ల గడి కుడిగట్టు దాటి పోయింది.
గుండ్రటి గుడ్డ, డజను, ఎంత?
ఆ ఎంత తెరలో లేదు.
దాన్ని లాక్కొస్తే గుడ్డ పేరు ఎడమకి జారిపోతుంది.
పేరుంటే రేటు లేదు, రేటుంటే పేరు లేదు.
పైగా అట్టడుగున బూడిదరంగులో ఓ వరస,
ఎంత నొక్కినా అది మాత్రం కదలదు,
మేకు కొట్టినట్టు.

"అదేం నెంబరు?" అంది.
"అచ్చరానికీ నెంబరుంటాదిగా?"
"ఎనిమిదండి."
"ఎనిమిదంటే మోకులా ఉండాలి కదా!
మా దారం నలభయ్యంటే వెంట్రుక,
ఇరవయ్యంటే కాస్త లావు,
పదో నెంబరు ఎవరైనా అల్లేస్తారు.
ఇంకా తగ్గించు మరి."
"ఇక్కడ తిరగేసండి. పెంచితేనే లావు."
కాసేపు నా మొహంలోకి చూసి
"అల్లేవోళ్లని అడక్కుండా పెట్టుంటారు ఈ లెక్క" అంది, జాలిగా.

ఆ బూడిద వరసని గీరి, ఎత్తి,
ఖాళీ పేజీలోకి దింపాను.
ఎనిమిది తీసేసి ముప్పయ్యారు పెట్టాను.
వత్తులన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి,
పంటులోంచి జనం దిగినట్టు,
కాకపోతే తోసుకోకుండా.

ఆవిడ వేలు పెట్టి చదివింది,
కుట్లు లెక్కపెట్టే వేలు, గోరు ఓ పక్కకి అరిగిన వేలు.
"నమూనాకు... ఒక్క కుట్టు... తేడా ఉన్నా...
కూలి... చెల్లిం... చబడదు."
ఫ్యాను తిరుగుతోంది.
మళ్లీ మొదటినుంచి చదివింది, ఈసారి ఆగకుండా.

కోపం వస్తుందనుకున్నాను.
కళ్లజోడు మడిచి అంది కదా,
"ఇంత మాటని అంత సన్నంగా అల్లినోడు
పనోడేనయ్యా.
మా వసారాలో పదకొండుమందిమి కూచుంటాం,
ఒక్కదానికీ రాదు ఈ కుట్టు."

తర్వాత, "దీన్నొకటీ కాయితం మీద తియ్యి.
ఇంకా లావుగా. గోడకి కనపడాలి."
ఒక్క వాక్యం నాలుగు కాగితాలు పట్టింది.
నలభై అంటే ఇరవయ్యే ఇచ్చింది,
"ఇది కూడా తిరగేసే లెక్కపెట్టుకో" అని.
కాగితాల్ని లేసు గుడ్డ మడతలో పెట్టుకుని
పంటు కూతకి పరిగెత్తింది.

సాయంత్రం ఓ కుర్రాడు హాల్‌టికెట్టుకొచ్చి
"ఏటన్నా, ఇంత లావుగా ఉన్నాయి?" అన్నాడు.
తగ్గిద్దామని చెయ్యి పెడితే
ప్లస్ మీట పక్క సందులో ఇరుక్కున్న
తెల్లదారం కొస.
నెంబరెంతో నాకు తెలీదు.
లాగితే వస్తూనే ఉంది.