హెల్మెట్ తీసే సీను

కొజే దీవి. ఓడల కార్ఖానా పక్కన సినిమాహాలు.
తెర మీద వెల్డరు పిల్ల హెల్మెట్ తీసింది,
జుట్టు షాంపూ ప్రకటనలా
నెమ్మదిగా జారింది.

మూడో వరసలో మల్‌సున్ కిసుక్కుమంది.
ఇరవై రెండేళ్లుగా తను తీస్తే
నుదుటికంటుకున్న తడి తువ్వాలు,
మాడిన వెంట్రుకల కమురు.

ఆ పిల్ల మేనేజరుని కడిగేసింది.
అతను తల దించాడు. వయొలిన్లు.
హాలంతా చప్పట్లు.

మల్‌సున్‌కి వయొలిన్లు మోగలేదు.
పదకొండేళ్లు "ఏమ్మోయ్" అన్న మేస్త్రీ
ఒక జనవరి పొద్దున
ఓడ అడుగున అతుకు మీద టార్చి వేసి
"క్వాక్ గారూ, ఇది నిలుస్తుందంటారా?" అన్నాడు.

వేలితో తడిమింది.
"నిలవదు. కోసెయ్యండి."

కోశారు.
సాయంత్రం దాకా మళ్లీ అతికింది తనే.
డబ్బాలో సూపు గడ్డకట్టింది,
అలాగే తాగేసింది.