తలుపు పిడి మీద చెయ్యి

మనిషికి పదిహేను నిమిషాలు.
అందులో నాలుగు, నర్సు బీపీ చూసి గదిలో కూర్చోబెట్టేసరికే కరిగిపోతాయి.
మిగతా పదకొండులో సగం
నా ముఖం తెరవైపు, వీపు మనిషివైపు.

ఒకప్పుడు ఈ క్లినిక్ మా ముగ్గురిది.
గాజు తలుపు మీద మా పేర్లుండేవి, బంగారు రంగులో,
టొలీడోలోనే పోతపోసిన గాజు.
ఇప్పుడు మేం తొమ్మిది వందల మంది డాక్టర్లం.
నీలిరంగు బొమ్మ కింద ఒకటే పేరు,
అది ఏ మనిషి పేరూ కాదు.
నెలాఖరుకి ఒక కాగితం వస్తుంది,
ఎవరు ఎందర్ని చూశారో, ఎంతలో చూశారో:
పచ్చ, పసుపు, ఎరుపు.
మా అమ్మ బతికుంటే అడిగేది,
"రెనాటా, నువ్వు చదివింది వైద్యమా,
నాలుగురోడ్ల కూడలిలో దీపమా?" అని.

మంగళవారం, పదకొండుంపావు. ఆర్విల్ టాకెట్.
డెబ్భై ఒకటి. గాజు కార్ఖానాలో
ముప్పై రెండేళ్లు కొలిమి ముందు నిలబడ్డవాడు,
ముంజేతుల మీద వెంట్రుకలు మళ్లీ మొలవలేదు.
మోకాలు నొప్పన్నాడు.
వాపు. కమిలిన చోట పసుపు.
"పడ్డారా?"
"మెట్ల మీద. రాత్రి."
ఎక్స్‌రే రాశాను. ఐస్ పెట్టమన్నాను.
తెర అడిగింది: రోగికి వివరించారా?
అవును మీద నొక్కాను.
ప్రింటరు ఆరు పేజీలు కక్కింది.

లేచాడు. టోపీ పెట్టుకున్నాడు.
తలుపు పిడి మీద చెయ్యి వేసి
అక్కడే ఆగిపోయాడు.

కుర్చీలో ఉన్నంతసేపూ పెదవి విప్పని జబ్బులు
తలుపు దగ్గర నోరు తెరుస్తాయి.
ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను.
అయినా నా చూపు ముందు గడియారం మీదికే పోతుంది,
సిగ్గు లేకుండా.

"వీటిలో ఏం రాసుంటుంది, డాక్టర్?"
కోటు లోపలి జేబులోంచి ఒక కట్ట తీశాడు.
నేనిచ్చినవే. తొమ్మిదేళ్లవి.
అంచులు నలగకుండా మడిచి, రబ్బరు బ్యాండు వేసి.
"లొరేన్ చదివి పెట్టేది."
లొరేన్ పోయిన మార్చిలో పోయింది.
గ్రూపు తరఫున నా సంతకం అచ్చేసి
సానుభూతి కార్డు పంపారు.
అదీ ఆ కట్టలోనే ఉంది.

మళ్లీ కూర్చున్నాను.
బయట పదకొండున్నర ఆవిడ దగ్గుతోంది,
నాకు వినపడాలనే.
రొట్టె సంచిలోంచి సీసాలు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి.
"ఇదెప్పుడు వేసుకుంటారు?"
"పడుకోబోయే ముందు."
అది నీళ్లమాత్ర.
రాత్రి మూడుసార్లు లేపింది అదే,
చీకట్లో మెట్లు దింపింది అదే.
నిద్ర పట్టట్లేదంటే పోయిన నెల
ఇంకో మాత్ర రాసింది నేను.
అంతా పెద్దక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా.

నల్ల పెన్నుతో ఒక మూత మీద సూర్యుణ్ణి గీశాను.
ఇంకోదాని మీద చంద్రుణ్ణి.
నిద్రమాత్రలు నా సొరుగులోకి పోయాయి.
చంద్రుణ్ణి వేలితో తడిమి,
"ఇటుపక్క వంకర పోయింది," అన్నాడు,
కరిగిన గాజు గుండ్రతనాన్ని కంటితోనే కొలిచిన మనిషి.
తర్వాత, గొంతు తగ్గించి,
"ఎవరికీ చెప్పకండి. నా కూతురికీ తెలీదు."

దీనికీ ఒక కోడ్ ఉంది మా పట్టీలో,
ఒక అక్షరం, మూడు అంకెలు.
వేశానా, రికార్డు తెరిచిన ప్రతివాడికీ కనబడుతుంది.
వెయ్యలేదా, ఇంకో గదిలో ఇంకెవరో
మళ్లీ ఆరు పేజీలు చేతిలో పెడతారు.
రాత్రి వంటింటి బల్ల దగ్గర, చల్లారిన సూపు పక్కన,
జవాబు కోసం ముప్పై ఒక్క మెసేజీలు మినుక్కుమంటుంటే
ఆ గడి ముందు చాలాసేపు కూర్చున్నాను.

ఖాళీగా వదిలేసి, కింద టైపు చేశాను:
"కళ్లద్దాలు మర్చిపోతుంటాడు.
మందులు బొమ్మలు గీసి చెప్పాలి."

ఆ నెల నా పేరు పక్కన పసుపు.

కళ్లద్దాల మాట అబద్ధమే.
దాని పైన వరసగా తొమ్మిదేళ్ల "అవును"లు ఉన్నాయి.
వాటి కింద ఇదొక్కటే
కొంచెం నిజంలా కనబడింది.