మైలు, మైల

వేపేరిలో చర్చి వెనక సందు.
రేకుల షెడ్డు తలుపు జరపడానికి ముగ్గురం పట్టాం.
లోపల పాత దుప్పటి కింద
రెండు సీట్ల ఎం.జి., అరవై నాలుగో సంవత్సరానిది.
ఎరుపనే అనాలి,
డబ్బా అడుగున మిగిలిపోయిన ఎండుమిరపకాయ ఎరుపు.

మీటరు మీద తొమ్మిది వేల రెండొందల పద్నాలుగు మైళ్ళు.
పొట్లూరి విశ్వంభరం గారు ఆ అంకె చూసి
జాతకాలు కుదిరినంత సంబరంగా నా భుజం తట్టారు.
"ఆడమనిషి చేతి బండి చెంగయ్యా,
మెత్తగా వాడుంటారు."

నేను పుదుపేటలో ముప్పై ఏళ్ళు
విప్పిన ఇంజన్ల మధ్య క్యారియరు విప్పుకుని తిన్నవాణ్ణి.
నాకు తెలిసిందల్లా ఇంత:
మైలు తిరగని బండిని
మైలపడని బండి అనుకుంటారు కొనేవాళ్ళు.
తిరగకపోవడం కూడా అరుగుదలే.
నిలబెట్టిన చోటే రబ్బరు ఎండుతుంది,
ట్యాంకులో పెట్రోలు బంకవుతుంది,
బ్రేకు సిలిండరు అలిగిన అల్లుడిలా బిగుసుకుంటుంది.
పైగా ఈ ఊళ్ళో
ఉప్పుకీ తుప్పుకీ ఎప్పుడో ప్రాస కుదిర్చింది సముద్రం.

కార్పెట్ ఎత్తి స్క్రూడ్రైవరు మొనతో నొక్కాను.
నేల అప్పడంలా విరిగింది.
రుమాల్లో చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కింద ఆనించాను,
పట్టలేదు. అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది.
ఇరవై రెండు లక్షల దగ్గర మొదలైనవాణ్ణి
టైర్లకింత, సీళ్ళకింత, నేలకింత అని మనసులో కోసుకుంటూ
పంతొమ్మిది దగ్గర ఆగాను.

అప్పుడు కనపడింది బ్రేకు పెడలు.
కుడి అంచు ఒక్కటే నెలవంకలా అరిగింది.
కూరగాయలకి వెళ్ళొచ్చిన కాలు అలా అరగదీయదు.
మడమ ఒకదాని మీద, వేళ్ళు ఒకదాని మీద,
ఒక్క పాదంతో రెండు పెడళ్ళూ ఆడించే కాలు అది.

"బండి ఎవరు నడిపేవారు మేడమ్?"

డాఫ్నీ రొజారియో గారు గడపలో కుర్చీ వేసుకుని
వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు.
"నేనే. షోలవరంలో.
రేసు రోజున మీటరు కేబులు పీకేసేదాన్ని. నాలుగేళ్ళు.
ఆ మైళ్ళు ఎక్కడా రాసి లేవు.
ఒకసారి గడ్డిమోపుల్లోకి దూరాను,
వెనక ఎడమ రెక్క అతికించిందే."
రేపు వాన పడుతుందని చెప్పినంత మామూలుగా అన్నారు.
ఎవరూ అడగలేదు ఆ రెక్క సంగతి.
నా వేలు ఇంకా అంతదూరం పోలేదు కూడా.

విశ్వంభరం గారి మొహంలో మీటరు వెనక్కి తిరిగింది.
నన్ను పక్కకి లాగి, "అయిదు తగ్గించు," అన్నారు.
కమీషనిచ్చేది ఆయన.
టీ ఇచ్చింది ఆవిడ, చక్కెర ఎక్కువైన టీ.

పెట్రోలు బిల్లు వెనక రాశాను:
పదిహేడున్నర.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు.
"చెప్పకపోతే ఎంత?"
"పంతొమ్మిది."
"చెప్పినందుకు?"
"రెండు పోయింది. దాచనందుకు అర కలిపాను."
"అంటే నిజానికి లక్షన్నర దండుగ."
"మద్రాసులో అది చౌకే మేడమ్."

ఆవిడ నవ్వలేదు.
ఒడిలో పొట్టు దులుపుకుని లేచి
గేరు కర్ర మీది నాబు చేత్తో తిప్పి తిప్పి ఊడదీశారు.
నల్లటి గుండ్రటి కర్రముక్క, అరచేతి చెమటకి నిగ్గుతేలింది.
"ఇది లెక్కలో లేదు," అని చీర కుచ్చిళ్ళలో కాదు,
గౌను జేబులో వేసుకున్నారు.
విశ్వంభరం గారు నావైపు చూశారు.
నేను బిల్లు మీద పదిహేడున్నర కొట్టేసి
రెండు వేలు తగ్గించి రాశాను.
న్యాయం న్యాయమే.

ఎగ్మోరు దాకా నడిచొచ్చి
చేతులకి అంటిన గ్రీజు గోడకి తుడుస్తుంటే గుర్తొచ్చింది,
స్టెప్నీ చూడనేలేదు.