హారన్ రిలే

ఫహాహీల్ రోడ్డు మీద వందలో పోతే చల్లగానే ఉంటుంది నా ప్రెవియా.
సిగ్నల్ దగ్గర ఆగితే చాలు
ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకుతుంది,
ఏసీలోంచి జ్వరమొచ్చిన ఊపిరి.
వెనక ఆడవాళ్ళు చున్నీలతో, కొంగులతో విసురుకుంటారు.
ఎవరూ ఏమీ అనరు.
అదే నాకు బాధ.

రెండువేల నాలుగు మోడలు.
నాకంటే ముందు ముగ్గురి చాకిరీ చేసింది,
మీటరు లక్షా పదివేల దగ్గర అలిగి కూర్చుంది.
తెల్లారి స్టార్ట్ చేస్తే నీలంపొగ:
వారానికో లీటరు ఆయిలు తాగుతుంది,
ఆ సంగతి మా ఇద్దరి మధ్యే.
జారుడు తలుపు సగంలో మొరాయిస్తే
కాస్త పైకెత్తి భుజంతో తోయాలి.
అది నేర్చుకోను నాకు ఒక వేసవి పట్టింది.

షువైఖ్‌లో గ్యారేజీవాడు బానెట్ ఎత్తకుండానే
హెడ్డు పోయిందన్నాడు, నూటయాభై దీనార్లన్నాడు.
హెడ్డు పోతే నీళ్ళు ఆయిల్లో కలవాలి గదా,
మూత తీస్తే మజ్జిగ నురగ కనపడాలి గదా.
తీసి చూసినాను. నల్లగా, నిజాయితీగా ఉంది.

శుక్రవారం. మహబూలా వెనక ఇసుకదిబ్బ పక్కన
ఎండ నెత్తికి రాకముందే బానెట్ ఎత్తి
ఇంజిను ఆడనిచ్చి, ఏసీ వేసి, నిలబడి చూసినాను.
రేడియేటర్ దగ్గర ఫ్యాను కదల్లేదు.
పరుగులో ఉన్నంతసేపు ఎదురుగాలి కాపాడతాంది,
ఆగినప్పుడే ఉడుకుతాంది.
నా బతుకూ ఇంతే అనుకోబోయి
పోలికలు మానుకోని ఫ్యూజు చూసినాను.

ఫ్యూజు బాగుంది.
బ్యాటరీ నుంచి తీగ నేరుగా ముట్టిస్తే
ఫ్యాను గిర్రున తిరిగింది, మోటారు బతికే ఉంది.
అంటే నడుమ ఎవరో మాట మోయడం లేదు.
రిలే.
అగ్గిపెట్టెలో సగం లేదు, నాలుగు కాళ్ళు.
పక్కన హారన్‌కీ అదే రిలే, అదే కొలత.
అంఘరా స్క్రాపు యార్డుకు పోయే పొద్దు లేదు,
తెల్లారితే ఆసుపత్రి డ్యూటీ, ఏడుగురు.

హారన్‌ది పీకి ఫ్యానుకు పెట్టినాను.
టక్కుమంది.
ముల్లు నడిమధ్యన కుదురుగా కూర్చుంది.

నాలుగింటికి బిల్డింగు కింద బండి ఆపి
అలవాటుగా స్టీరింగు నడుమ గుద్దినాను.
ఏమీ లేదు.
రెండేండ్లుగా రెండు మోతలకు దిగొచ్చేవాళ్ళు.
ఇప్పుడు పిలవాల. పేరు పెట్టి.
పేరు?
టిఫిన్ క్యారేజీ ఆమె, దగ్గే ఆమె,
వెనక కిటికీ, సిలోనామె.
నెలకు పదైదు దీనార్లు లెక్కబెట్టి తీసుకున్నోణ్ణి
నాకు తెలిసిందల్లా ఇంతే.

లిఫ్టు నడవదు. మూడంతస్తులెక్కి తలుపు తట్టినాను.
"పెంచలమ్మ. పుల్లంపేట పక్కన మాది, తెలీదా?"
అనింది టిఫిన్ క్యారేజీ.
సువార్త. ఖైరున్నీసా, ఆమె చెల్లెలు. కుసుమ.
ఒకామె పేరు చెప్పి, మళ్ళీ చెప్పింది,
నేను సరిగ్గా పలికేదాకా వదల్లేదు.
దగ్గే ఆమె చివర్న వచ్చి
"హారన్ ఏమాయ?" అనింది.
"ఫ్యానుకిచ్చినా."
నవ్వి, దగ్గి, "రవణమ్మ" అనింది.

స్క్రాపులో రిలే దొరికింది, ముప్పావు దీనారు.
డాష్‌బోర్డు అరలో పడుంది.
ఫిట్‌నెస్‌కు పోయేలోగా పెట్టాల,
హారన్ లేని బండిని పాస్ చెయ్యరు.
ఇంకా పదకొండు రోజులుంది.

ఈ పొద్దు సిగ్నల్ దగ్గర
మూడు నిమిషాలు ఎర్రలైటు,
వెనక కిటికీ పక్కనించి రవణమ్మ:
"చలేస్తాంది, కొంచెం తగ్గించబ్బా."