తొణుకు

ఇరుంగాట్టుకోట్టైలో ఆదివారం. పొద్దున తొమ్మిదికే
తారు మీద గాలి వణుకుతోంది.
వారమంతా అన్నానగర్‌లో పళ్ళు పీకేదాన్ని,
పదకొండేళ్ళ కారుకి వెనక సీటు పీకేసి
హెల్మెట్ పెట్టుకుని వచ్చాను.

నాలుగో రౌండులో, ఆ పొడుగాటి కుడి మలుపులో,
ఒళ్ళంతా ఎడమకి ఒరిగిపోతుంటే
మీటర్ల మధ్య ఎర్రదీపం ఒకటి
కన్ను కొట్టింది.
అర సెకను.
తిన్నటి దారిలోకి రాగానే ఏమీ ఎరగనట్టు ఆరిపోయింది.
నేనూ ఏమీ ఎరగనట్టే ఇంకో రెండు రౌండ్లు తిప్పాను.
ఆ రెండిటి సంగతి మునిరత్నానికి ఇప్పటికీ చెప్పలేదు.

పుదుప్పేట సందులో, బంపర్ల గుట్టకీ టీకొట్టుకీ మధ్య
అట్ట పరుచుకుని ఆయన కారు కింద దూరాడు.
ఆయనది మద్రాసు తెలుగు, సగం నట్లు అరవంలో బిగుస్తాయి.
దారంలా దిగుతున్న నల్లటి ఆయిల్ని
అరచేతిలో పట్టి ఎండకి వంచాడు.
"చూడు డాక్టరమ్మా."
కాశిమేడులో చేపల బల్ల కడిగిన నీళ్ళలా
నలుపులో సన్నగా తళుకు.
"బేరింగు. అరగతా ఉండాది. ఇంకా కొట్టుకోలా, నీ అదృష్టం."

దీపం వెలిగింది కదా, అన్నాను.
"ఆ దీపమా?
అది ప్రాణం పోయినాక తలకాడ పెట్టేది."

సంప్ ఊడదీసి నేల మీద పెట్టాడు.
పులుసు కాచుకోవచ్చు, అంత మామూలు గిన్నె.
అడుగున పీల్చే గొట్టం, దాని మూతికి జల్లెడ.
"కూరగాయలకి పొయ్యే బండికి ఇది చాలు.
నువ్వు మలుపులో తొక్కితే నూనంతా గోడెక్కి కూర్చుంటాది.
గొట్టం గాలి తాగతాది."

ఆ చప్పుడు నాకు తెలుసు.
ఉమ్మి లాగే సక్షన్ గొట్టం
చెంప వదిలి గాలి అందుకున్నప్పటి గురగుర.
నా కుర్చీలో మనిషైతే గుటక మింగుతాడు.
అక్కడ మింగడానికేమీ లేక
ఇనుము ఇనుమును కొరుకుతుంది.

"నిండుకుండ తొణకదంటారు, ఇంకో లీటరు పోసేస్తే?"
చాలా తెలివిగా అడిగాననుకున్నాను.
"పోసి చూడు. క్రాంకు మజ్జిగ చిలకతాది.
నురగని పంపు నెట్టలేదు.
మిగిలింది బ్రీదర్లో పొంగి నీలం పొగై పోతాది.
పైగీత దాటి అర లీటరు, అంతే.
సామెతలు కుండలకి."

అప్పుడే వీధి మొగన నీళ్ళ లారీ ఆగింది.
ఆకుపచ్చ, నారింజ, గులాబి ప్లాస్టిక్ బిందెల తోపులాట.
ఆయన భార్య కుప్పమ్మ రెండు నింపి సైకిలుకి తగిలించి
కానుగ మండ విరిచి
ఒక్కోదాంట్లో ఇన్ని ఆకులు వేసింది.
చక్రం గుంటలో పడి లేచింది.
చుక్క ఒలకలేదు.
మునిరత్నం నావంక చూడలేదు, ఆమెవంకా చూడలేదు,
రేకు కత్తిరించడం మొదలెట్టాడు.

గొట్టం చుట్టూ నాలుగు గోడలు,
గోడకో బుల్లి తలుపు, లోపలికే తెరుచుకునేది.
నూనె రావచ్చు, పోలేదు,
వచ్చిన చుట్టాన్ని భోంచేస్తేగాని కదలనివ్వని ఇల్లు.
డాష్‌బోర్డు మీద ముల్లున్న మీటరు బిగించాడు.
"దీపాన్ని నమ్మొద్దు. ముల్లు నాలుగు కాడ ఉండాల.
రెండుకి దిగితే కాలు తియ్యి."

మళ్ళీ ఆదివారం, అదే మలుపు.
ముల్లు మూడున్నరకి దిగి, కాస్త ఆలోచించి,
నిలబడింది.
మునిరత్నం కంచె దగ్గర, ట్రాకుకి వీపు తిప్పి,
కళ్ళు మూసుకుని వింటున్నాడు.
"ఎలా ఉంది?"
"వంటింట్లో ఎవురూ పోట్లాడ్డం లా."

సోమవారం క్లినిక్‌లో
కొళత్తూరు ముసలాయన దవడపన్ను తొలుస్తుంటే
సక్షన్ గొట్టం చెంప జారి గురగురమంది.
డ్రిల్లు పెడలు మీంచి
నా కుడికాలు దానంతటదే
పైకి లేచింది.