రెండింటికి పరీక్ష

మా బహిర్ దార్‌లో పొద్దు పొడిచిన గంటకి
ఒంటిగంట.
నడిరేయి, అందరూ నిద్రలో ఉండగా
రోజు పుట్టడమేమిటని
మా అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.
మాకు నెలలు కూడా పదమూడు.
అయినా నాకు టైము చాలదు.

హాస్టల్లో నా మంచం పక్క గోడకి
నాలుగు రంగుల టైంటేబుల్.
ఎరుపు లెక్కలకి, నీలం ఫ్లూయిడ్ మెకానిక్స్‌కి,
ఆకుపచ్చ నిద్రకి,
పసుపు దేనికో మర్చిపోయాను.
గీయడానికి రెండు రాత్రులు పట్టింది.
ఆ రెండు రాత్రులు అందులో ఎక్కడా లేవు.

"నువ్వు చదవట్లేదు ఎమెబెత్,
చదువుకి బట్టలు కుడుతున్నావు"
అంది పై మంచం మీంచి వుబాలెమ్.
నేను నోరు తెరిచేలోగా కరెంటు పోయింది.
మాట కూడా పోయింది.

ముఖ్యమైన ప్రతి వాక్యానికీ పసుపు రంగు పూసేదాన్ని.
అన్నీ ముఖ్యమే అనిపించేవి.
వానలు వెనకబడ్డ మెస్కెరెమ్ నెలలో
కొండంతా పసుపు పూలు కమ్ముకున్నట్టు
పుస్తకమంతా పూసింది.
ఒక్క పువ్వూ నా చేతికి రాలేదు.

పరదేశం నుంచి కొత్తగా వచ్చిన మాస్టారు
బోర్డు మీద రాశాడు: గురువారం, రెండింటికి.
గురువారం రెండింటికే వెళ్ళాను.
హాలుకి తాళం.
వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి
"ఏ రెండు? మనదా, ఆయనదా?" అన్నాడు.
ఆయన రెండుకి ఇంకా ఆరు గంటలుంది.

నోట్సు గదిలో.
గది తాళంచెవి వుబాలెమ్ జేబులో.
వుబాలెమ్ ఏ లాబ్‌లో ఉందో ఆ సరస్సుకే తెలియాలి.
జీవితంలో మొదటిసారి
బోలెడంత టైము, చదవడానికి ఏమీ లేదు.

గేటు పక్క యెషి కాఫీ కాస్తోంది.
ఆమె పరిచిన పచ్చగడ్డి అంచున కూర్చుని
పుల్లతో మట్టిలో సూత్రం రాశాను.
సగం వచ్చింది.
మిగతా సగం ఏ పేజీలో ఉందో తెలుసు,
ఎడమవైపు, అడుగున, టీ మరక పక్కన.
ఏముందో మాత్రం తెలీదు.

"ఏంటమ్మా ఆ గీతలు?"
"గొట్టం సన్నబడ్డచోట నీళ్ళు పరుగెడతాయి."
"ఎందుకు?"

సెమిస్టరంతా
ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.
నేనూ అడుక్కోలేదు.

ఆమె మట్టి జెబెనా వంచింది.
లావు పొట్ట, సన్నటి మెడ, నల్లటి ధార.
"లోపలికి ఎంతొస్తే
అంతా బయటికి పోవాలి కదా,
దారి ఇరుకైతే తొందరపడక ఏం చేస్తుంది?"
అన్నది ఆమె కాదు, నేనే.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొదటి కప్పు అబోల్, చేదు.
అదే పొడి, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నిప్పు.
మధ్యలో ఆమె ఎవరికో చిల్లర ఇచ్చింది,
ఎవరితోనో ఉల్లిపాయల ధర గురించి గొడవపడింది.
నేనూ అది వింటూ సూత్రం మర్చిపోయాను.
రెండో కప్పు తోనాకి తిరిగొచ్చి
వెతికితే, తల నొప్పెట్టేంత వెతికితే,
దొరికింది.
మూడోది బరకా, బాగా పలచన.
ఈసారి పుల్ల అవసరం పడలేదు.
మూడోది తాగకుండా లేచిపోతే
దీవెన దక్కదని యెషి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

మార్కులా? అరవై ఒకటి.
వుబాలెమ్‌కి ఎనభై మూడు,
ఆమె రెండుకీ రెండుకీ తేడా ముందే అడిగి కనుక్కుంది.

గోడ మీది టైంటేబుల్ తిరగేసి అంటించాను.
వెనక తెల్లగా ఉంది.
ఒక్కో పాఠం పేరూ, దాని ఎదురుగా మూడు తేదీలూ,
దూరం దూరంగా.
ఇప్పటికే రెండు తేదీలు తప్పాను.

ఐదో ప్రశ్న ఇంకా అర్థం కాలేదు.
రేపు పొద్దున ఒంటిగంటకి,
మా ఒంటిగంటకే,
యెషికి చెప్పి చూడాలి.
ఆమె ఎందుకూ అంటుంది.