శివారు మడి

"విమానమే లేని స్క్వాడ్రనేంటండీ?" అన్నాను.
మా ఆయన సార్జెంటు గుబ్బల ధర్మలింగం, రిజర్వు.
ప్రస్తుతం లొల్ల లాకుల్లో లస్కరు.
షట్టరు పళ్ళకి గ్రీజు రాస్తూ
కాలువ కేసి చూపించారు.

"ధవళేశ్వరం ఆనకట్ట లేదూ, అది ఢిల్లీ.
పెద్ద కాలువ కమాండు. బ్రాంచి కాలువ వింగు.
బోదె, మా స్క్వాడ్రను.
ఏ తలుపూ తనంతట తాను లేవదు,
పైనుంచి చీటీ రావాలి."

"మరి మీరో?"
"శివారు మడిని. వంతొస్తే తడుస్తాను."

ఏటా ఓ కార్డు:
చిరునామా మారిందా, చూపు ఎలా ఉంది.
పెట్టెలో నీలం ప్యాంటు,
నడుము దగ్గర రెండుసార్లు వదులు చేశాను.

ఓసారి రేడియోలో యుద్ధం అన్నారు.
పదకొండు రోజులు బూట్లు గుమ్మంలోనే.
పోస్టు సైకిలు బెల్లు మోగితే
ఆయన చేతిలో ముద్ద ఆగిపోయేది.
మా దాకా రాలేదు నీరు.

నిన్న కవరొచ్చింది.
గడువు తీరింది, పేరు తీసేశాం అని.
చదివి, మడిచి, జేబులో పెట్టుకుని
డ్యూటీకెళ్ళారు.

పడవ ఒక్కటీ రాలేదట సాయంత్రం.
అయినా లాకు తలుపులెత్తి దించారట,
రెండుసార్లు,
చీటీ లేకుండానే.